మొగిలి ఘాట్‌లో మూడో గేరు

మా నాయన ఫోన్లో ఎక్కువ మాట్లాడడు. "తిన్యావా? డబ్బులుండాయా? సరే, పెట్టేస్తా." అంతే. అలాంటి మనిషి మే నెలలో ఒక రాత్రి పదకొండున్నరకి ఫోన్ చేసి, "రేయ్ అబ్బోడా, బండి ఘాట్ ఎక్కడంలే. నువ్వు ఇంజన్ల గురించే కదా చదివేది, ఏమయ్యుంటుంది?" అని అడిగాడు. వెనకాల లారీల హారన్లు వినిపిస్తున్నాయి. పొద్దున్నే నాకు సెమిస్టర్ పరీక్ష. "గేరు తగ్గించి చూడు నాయనా" అన్నాను. ముప్పై ఏళ్ళుగా స్టీరింగ్ పట్టిన మనిషికి నేనిచ్చిన సలహా అది! ఆయన ఏమీ అనలేదు. "సరేలే, పడుకో" అని పెట్టేశాడు.

మాది బంగారుపాళ్యం దగ్గర ఒక పల్లె. మామిడి తెలిసినవాళ్ళకి ఆ పేరు చెబితే చాలు. సీజన్లో రాత్రిపూట కాయలు క్రేట్లకెత్తి, తెల్లారేలోపు బెంగుళూరు మార్కెట్లో దించాలి. ఆలస్యమైతే రేటు పడిపోతుంది, ఒక్కోసారి కొనేవాళ్ళే ఉండరు. మా ఊరు దాటి పలమనేరు వైపు పోతే మొగిలి ఘాట్ వస్తుంది. చిత్తూరు వైపు పల్లం, పలమనేరు వైపు మెట్ట. లోడుతో పోయేటప్పుడే ఎక్కాలి, ఖాళీగా వచ్చేటప్పుడు దిగుడు. రోడ్డు ఎవరు వేశారో కానీ మా మీద ఏదో పగ ఉన్నట్టే వేశారు.

మా బండి 2009 మోడల్ డీజిల్ పికప్. టర్బో ఉంది, కంప్యూటర్ లేదు. అంటే స్కానర్ తగిలించి, కోడ్ చదివి, "ఫలానా సెన్సార్ పోయింది" అని చెప్పే సుఖం లేదు. పంపు, ఇంజెక్టర్లు, పైపులు, అంతా ఇనుమూ రబ్బరూ. అది చెప్పాల్సింది పొగతోనూ, చప్పుడుతోనూ, వేడితోనూ చెబుతుంది. వినేవాడికి చెవులుండాలి.

నేను ఇంటికి వచ్చేసరికి జూన్ మొదటి వారం. అప్పటికే చాలా జరిగిపోయింది. మా మేస్త్రీ (మా వైపు మెకానిక్‌ని అలాగే పిలుస్తాం) రెండు డీజిల్ ఫిల్టర్లూ మార్చాడు. పాతవి కోసి చూస్తే శుభ్రంగా ఉన్నాయట. ఇంజెక్టర్లు పీకి చిత్తూరులో టెస్ట్ చేయించాడు, అవీ బాగానే ఉన్నాయి. "ఇంక మిగిలింది ఇంజనే. కంప్రెషన్ పోయింది. హాఫ్ ఇంజన్ చేయాల. నలభై ఎనిమిది వేలు అవతాది, వారం రోజులు బండి నా దగ్గరే ఉండాల" అని తేల్చాడు.

నలభై ఎనిమిది వేలు ఒక ఎత్తు, వారం రోజులు ఇంకో ఎత్తు. మామిడి సీజన్ అంతా కలిపి రెండు నెలలు. అందులో వారం పోతే, ఆ వారం కాయలు వేరే బండి ఎక్కుతాయి, తర్వాత రైతులు ఆ బండికే అలవాటు పడతారు. నా నాలుగో సంవత్సరం ఫీజు ఆ రెండు నెలల్లోంచే రావాలి. నేను బస్సు దిగి ఇంట్లో కాలు పెట్టేసరికి అమ్మ మెడలో పసుపుతాడు ఉంది, గొలుసు లేదు. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. గొలుసు బ్యాంకులో ఉందని రెండు రోజుల తర్వాత చెల్లి చెప్పింది.

అలాంటి పరిస్థితిలో నేను హీరోలా రంగంలోకి దిగాను. థర్మల్ ఇంజనీరింగ్‌లో నాకు తొమ్మిది పాయింట్లు మరి. "పవర్ లేదంటే గాలి సరిపోవడంలేదు నాయనా. టర్బో నుంచి వచ్చే పైపు ఎక్కడో లీకై ఉంటుంది" అని మొదటి రోజే తీర్పు చెప్పేశాను. అప్పటికి బండి స్టార్ట్ కూడా చేసి చూడలేదు. కొత్త ఎయిర్ ఫిల్టర్, కొత్త రబ్బరు హోసు, నాలుగు క్లాంపులు తెప్పించాను. మూడు వేల రెండు వందలు. మేస్త్రీ గడ్డం గోక్కుంటూ చూశాడే తప్ప అడ్డు చెప్పలేదు. చదువుకున్నోడు అనే మర్యాద అది.

ఆ రాత్రి అరవై క్రేట్లు ఎక్కించుకుని బయలుదేరాం, క్రేటు ఇరవై కేజీల లెక్కన. పన్నెండు వందల కేజీలు. ఘాట్ మొదట్లో మూడో గేర్లో బాగానే ఎక్కింది. నేను నాయన వైపు చూశాను, కొంచెం గర్వంగానే. నాలుగైదు నిమిషాలకి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉండగానే ఇంజన్ చప్పుడు మెల్లగా దిగడం మొదలుపెట్టింది. మూడు, రెండు, చివరికి ఒకటో గేరు. వెనక బస్సువాడు లైట్లు కొడుతున్నాడు, హారన్ కొడుతున్నాడు, పక్కనుంచి పోతూ తల బయటపెట్టి తిట్టాడు. నాయన కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, "పోండి పోండి" అన్నట్టు ఊపుతూనే ఉన్నాడు. ఆ చెయ్యి నెల రోజులుగా అలాగే ఊగుతోందని నాకు అప్పుడు తట్టింది.

ఘాట్ పైన ఒక టీ కొట్టు ఉంది. అక్కడ ఆపాం. నేను మూడు వేల రెండు వందల గురించి ఆలోచిస్తూ టీ తాగుతున్నాను. నాయన మామూలుగా అన్నాడు, "పది నిమిషాలు నిలబెడితే మళ్ళీ బాగానే పోతాదిలే."

"ఏంటి?"

"రోజూ అంతే కదా. ఈడ టీ తాగి ఎక్కితే ఏమీ ఎరగనట్టు పోతాది. మళ్ళా ముళబాగిలు దగ్గర ఒకసారి ఆపితే సరి."

"ఇది మేస్త్రీకి చెప్పావా?"

"ఆయన అడగలే."

నేనూ అడగలేదు.

ఇక్కడ మెకానికల్ వాళ్ళు కాని స్నేహితుల కోసం కొంచెం వివరం. ఇంజన్ అరిగిపోతే, అంటే పిస్టన్ రింగులూ లైనర్లూ అరిగి కంప్రెషన్ పోతే, ఆ జబ్బు పొద్దునా ఉంటుంది, రాత్రీ ఉంటుంది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయడానికి సెల్ఫ్ మీద సెల్ఫ్ కొట్టాలి. ఆయిల్ పోసే మూత తీస్తే గుప్పుగుప్పున పొగ తన్నుతుంది, ఆయిల్ తరుగుతుంది. అరిగిన రింగులు టీ తాగితే నయం కావు. పది నిమిషాల విశ్రాంతితో కోలుకునే జబ్బు ఇంజన్ లోపలిది కాకపోవచ్చు. ఆ టీ కొట్టు దగ్గరే, క్రేట్ల మీద పట్టా గాలికి కొట్టుకుంటుంటే, మా నాయనకి వైవా పెట్టాను. జీవితంలో నేను అడిగిన మొదటి పనికొచ్చే ప్రశ్నలు అవేనేమో.

పొద్దున్నే స్టార్టింగ్ ఎలా ఉంది? "ఒక్క సెల్ఫ్‌కే పట్టుకుంటాది." ఆయిల్ తాగుతోందా? "లే." ఎక్కేటప్పుడు ఇంజన్ అరిచి బండి కదలడం లేదా, లేక ఇంజనే దిగిపోతోందా? "ఇంజనే దిగిపోతాది." అంటే క్లచ్ జారడం లేదు. క్లచ్ జారితే ఇంజన్ అరుస్తుంది, బండి పోదు. నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూశాను, ఏదీ మరీ వేడిగా లేదు. బ్రేకు పట్టేసి ఉంటే ఒక చక్రమైనా చెయ్యి కాల్చాలి. ఇంక చివరి ప్రశ్న: పవర్ పోయేటప్పుడు వెనక నల్లపొగ వస్తుందా?

"పొగ యాడ వస్తా ఉంది? ఏమీ లేదే. నేను అద్దంలో చూస్తానే ఉంటా కదా."

నా టర్బో సిద్ధాంతం అక్కడే చచ్చిపోయింది. డీజిల్ ఇంజన్‌కి గాలి తక్కువై డీజిల్ మామూలుగా వస్తుంటే, కాలని డీజిల్ మసిగా మారి నల్లగా పొగ వస్తుంది. మా పాత రకం పంపు, గాలి తగ్గిందని తెలుసుకుని డీజిల్ తగ్గించుకునే తెలివైనది కాదు. కాబట్టి గాలి సమస్య అయితే నల్లపొగ రావాలి. పవరూ లేదు, పొగా లేదు అంటే డీజిలే అందడం లేదు. ఇది నేను పరీక్షలో రాసిన జవాబే. ఎనిమిది మార్కుల ప్రశ్న. కానీ ఆ జవాబుకి కావాల్సిన సమాచారం నెల రోజులుగా డ్రైవర్ సీట్లో కూర్చుని, అద్దంలో చూస్తూ, ఎవరైనా అడుగుతారేమోనని ఎదురుచూస్తోంది.

మరి చదునులో బాగా పోయి ఘాట్‌లోనే ఎందుకు? బండీ లోడూ కలిపి మూడు టన్నులు అనుకోండి. నూటికి ఐదు వంతున ఎత్తు పెరిగే రోడ్డు మీద గంటకి నలభై కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే, ఆ బరువును పైకి మోయడానికే పదహారు కిలోవాట్లు కావాలి. చదునులో అదే వేగానికి మొత్తం ఐదారు చాలు. అంటే ఘాట్‌లో చక్రాల దగ్గర కావాల్సింది దాదాపు నాలుగింతలు, దానికి తగ్గట్టే డీజిలూ. గొట్టంలో ఎక్కడో అడ్డం ఉంటే చదునులో అది బయటపడదు. సన్నగా వచ్చే ధార చాలిపోతుంది. ఇంటి ట్యాంకు నుంచి ఒక కుళాయి తిప్పినప్పుడు బాగానే వచ్చి, మూడు కుళాయిలు తిప్పితే ఆగిపోయినట్టు.

ఫిల్టర్లు కొత్తవి, పాతవి కూడా శుభ్రంగానే ఉన్నాయి. మేస్త్రీ దాన్ని చూసి "డీజిల్ బాగానే వస్తోంది" అనుకున్నాడు. కానీ ఫిల్టర్ శుభ్రంగా ఉందంటే ఫిల్టర్ దాకా చెత్త రావడం లేదని మాత్రమే అర్థం. చెత్త అంతకు ముందే ఆగిపోయి ఉండొచ్చు. ఆయన తప్పు పెద్దదేం కాదు, నా తప్పు కంటే చిన్నదే.

మర్నాడు మొదట తేలిక పని. ట్యాంకు మూతలో గాలి పోయే దారి మూసుకుపోతే, డీజిల్ వాడుతున్న కొద్దీ ట్యాంకులో గాలి పలచబడి, పంపు లాగలేకపోతుంది. మూత వదులు చేసి ఖాళీ రోడ్డు మీద చూశాం. తేడా లేదు. తర్వాత హార్డ్‌వేర్ షాపులో గోడ కట్టేవాళ్ళు లెవెల్ పట్టే పారదర్శకం పైపు రెండు మీటర్లు కొన్నాను. ట్యాంకు నుంచి ఫీడ్ పంపుకి వచ్చే పైపు మధ్యలో ఒక ముక్క కలిపి, కేబిన్‌లోకి కనపడేలా తిప్పి కట్టాం. ఆ రాత్రి లోడుతో ఘాట్ ఎక్కుతూ టార్చి వేసి చూస్తూ కూర్చున్నాను. మొదట్లో పైపు నిండా డీజిల్. నాలుగో నిమిషంలో బుడగలు మొదలయ్యాయి, తర్వాత నురగ. సరిగ్గా అప్పుడే ఇంజన్ దిగడం మొదలైంది. పంపు గట్టిగా లాగుతోంది, వెనక నుంచి రావడం లేదు, సందు దొరికిన చోట గాలి పీలుస్తోంది. నాయన ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, వంగి ఆ పైపు వైపు చూసి, "అదిగో, అదిగో" అన్నాడు, పాముని చూసినట్టు.

అయినా ట్యాంకులోనా, పైపులోనా అన్నది తేలాలి. దానికి మేస్త్రీయే దారి చెప్పాడు. ఇప్పుడు ఆయనకీ ఉత్సాహం వచ్చింది. ఐదు లీటర్ల క్యాన్‌లో శుభ్రమైన డీజిల్ పోసి, కేబిన్ వెనక గట్టిగా కట్టి, ఫీడ్ పంపుకి పైపు నేరుగా అందులోంచే ఇచ్చాం. బండి ట్యాంకుతో పని లేదు. పంపు నుంచి వెనక్కి వచ్చే రిటర్న్ పైపు మాత్రం ట్యాంకుకే వదిలేశాం, కాబట్టి క్యాన్ తొందరగా ఖాళీ అవుతుందని చూసుకుంటూ ఉండాలి. (పెట్రోల్ బండితో ఈ పని చేయకండి. డీజిల్ కాబట్టి సాహసించాం, అదీ మేస్త్రీ పక్కన ఉంటేనే.) పైపుల్లో గాలి తీసి, స్టార్ట్ చేసి, అరవై క్రేట్ల బరువుకి సరిపడా ఇసుక మూటలు వేసుకుని మధ్యాహ్నం పూట ఘాట్ ఎక్కాం.

మూడో గేరు. మొదటి మలుపు, రెండో మలుపు, బండి ఎప్పుడూ చచ్చే చోటు. మూడో గేరే. నాయన ఏమీ మాట్లాడలేదు. చెయ్యి మాత్రం అలవాటుగా కిటికీ బయటికి పోయింది. వెనక ఎవరూ లేరు. మళ్ళీ లోపలికి తీసుకున్నాడు.

సాయంత్రం ట్యాంకు దించాం. ఉన్న డీజిల్‌ని నాయన పాత పంచెలోంచి డ్రమ్ములోకి వడగట్టాం. ట్యాంకులో పైనుంచి అడుగు దాకా దిగే ఒక గొట్టం ఉంటుంది, దాని కొసన చిన్న జల్లెడ. మేస్త్రీ ఆ గొట్టాన్ని బయటికి లాగాడు. జల్లెడకి ఏమీ లేదు. ఆయన ముఖం వాడిపోయింది. అప్పుడు నాయన పంచె కొంగులో ఏదో చూసి వేళ్ళతో ఎత్తాడు. అరచెయ్యంత నీలం రంగు ప్లాస్టిక్ కవర్ ముక్క. డీజిల్‌లో నాని మెత్తగా, జిడ్డుగా ఉంది.

ఇంజన్ గట్టిగా లాగినప్పుడు అది పోయి జల్లెడకి అతుక్కుంటుంది. ఇంజన్ ఆపితే లాగుడు పోయి, మెల్లగా విడిపోతుంది. టీ తాగేంత సేపట్లో. అంతా సరిపోయింది.

"ఇది యాడ్నించి వచ్చిందబ్బా?" అన్నాడు నాయన.

"బంకులోనే" అన్నాడు మేస్త్రీ. "ఇంకెక్కడ్నించి వస్తాది?"

"వాడి దగ్గర ఆరేండ్లుగా పోయిస్తా ఉండా. పోయి అడగతా." నాయన అప్పటికే చెప్పులేసుకున్నాడు. ఆ బంకాయన సీజన్ మొదట్లో మాకు అప్పుగా డీజిల్ ఇస్తాడు, సీజన్ చివర్లో తీసుకుంటాడు. మా నాయనకి అప్పిచ్చే చోట్లు ఇప్పుడు ఎక్కువ లేవు.

ఆ కవర్ ఎక్కడిదో నాకు తెలుసు. చూడగానే తెలిసింది.

సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు తోట దగ్గర బండిలో డీజిల్ అయిపోయింది. నేనే బైకు మీద పోయి క్యాన్‌లో తెచ్చాను. క్యాన్‌కి మూత లేదు. నీలం రంగు కవర్ ముక్క చించి మూతి మీద వేసి రబ్బరు బ్యాండు చుట్టాను. పోసేటప్పుడు తొందర. ఫోన్ మోగుతోంది, సినిమాకి స్నేహితులు ఎదురుచూస్తున్నారు. రబ్బరు బ్యాండు తెగింది, కవర్ ధారతో పాటు లోపలికి జారింది. తీగ పెట్టి కెలికాను, దొరకలేదు. అడుగున పడుంటుందిలే, ఏమవుతుంది అనుకున్నాను. నాయనకి చెప్పలేదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా బండి కూరగాయలు వేసుకుని చిత్తూరు రోడ్డు మీదే తిరిగింది. ఆ దిక్కున ఇంత ఎత్తెక్కే పని లేదు. నేను మర్చిపోయాను.

"నాయనా, బంకు కాదు. నేనే" అన్నాను.

చెప్పడానికి పట్టింది అర నిమిషం. మేస్త్రీ పానా తుడుచుకుంటూ అటు తిరిగాడు. నాయన చెప్పులు విప్పలేదు, బంకుకీ పోలేదు. ఆ కవర్ ముక్కను కాసేపు వేళ్ళ మధ్య నలిపాడు. "ట్యాంకు కడిగి ఎక్కించండి, రాత్రికి లోడుంది" అని ఇంట్లోకి పోయాడు. తిడితే బాగుండేది.

ఆ రాత్రి నేను కూడా బండెక్కాను, పిలవకపోయినా. బంగారుపాళ్యం దాటేదాకా మాట లేదు. మొగిలి గుడి దీపాలు వెనక్కి పోయాయి. ఘాట్ మొదలైంది. మూడో గేరు. నేను చెవులు ఇంజన్ మీదే పెట్టుకుని కూర్చున్నాను. నాలుగో నిమిషం వచ్చింది, పోయింది.

"ఆ పొద్దే చెప్పింటే గంట పని కదరా" అన్నాడు నాయన, రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా.

"ఊ."

"మీయమ్మకి నేను చెప్పను. నువ్వే చెప్పు."

పైన టీ కొట్టు కనిపించింది. కొట్టాయన మా లైట్లు గుర్తుపట్టి గ్లాసులు సర్దుతున్నాడు, నెల రోజుల అలవాటు. నాయన హారన్ ఒక్కసారి కొట్టి, చెయ్యి బయటపెట్టి ఊపాడు. బండి ఆగలేదు.